పసుపు పూసిన కన్ను

ఆశ్వయుజ శుక్లైకాదశీ ప్రాతఃకాలమున శరన్నిర్మలమగు నాకాశము క్రింద ఎఱ్ఱమట్టినేలలు రాత్రి కురిసిన మంచుచే నించుక తడిసి క్రొత్తగా పెఱికిన వేరుసెనగచెట్ల పచ్చివాసనను నలుదెసల వెదజల్లుచుండ, బోడిగుట్ట శిఖరము దాటివచ్చిన లేయెండ చేలలో బారులుదీర్చిన సెనగకుప్పల నీడలను పడమటివైపునకు పొడవుగా సాచుచుండ, పండుగనాడు గుమ్మములకు గట్టిన మామిడాకు లింకను వాడకుండ, మొన్నటి పిండివంటల బరువు కడుపులనుండి యింకను దిగకుండ, అనంతపురమండలమందలి యొక మెట్టగ్రామపు కృషీవలజనము మఱల పనిలోనికి దిగెను. ఆ సీమలో వాన యెంత యరుదో వానను నమ్ముకొని పండిన పంట యంత ప్రియము. అది యిల్లు చేరువఱకు నచ్చట నెవరికిని నిలుకడ యుండదు.

ఆ గ్రామమున తాతలనాటినుండి వచ్చుచున్న యాచార మొకటి కలదు. సెనగచెట్లు పెఱికి కుప్పవేసినపిదప మట్టిలో తెగి మిగిలిపోయిన కాయలపై చేని యాసామికి హక్కు లేదు. ట్రాక్టరునకు తొమ్మిది కఱ్ఱుల గొఱ్ఱు దగిలించి యా చేనిని మఱల దున్నించునపుడు మట్టితోపాటు పైకి దేలు కాయలను పరిగె యందురు. చాలులో దేలిన కాయను ముందుగా నెవరి చేయి తాకునో యది వారి సొత్తు. కావున నిఱుపేదలగు స్త్రీలు గంపలు చంకబెట్టుకొని గొఱ్ఱువెంబడి బారెడు దూరమునైన విడువక నడుతురు. అందును చేనిమూలలన్న వారికి మిక్కిలి మక్కువ. ఏలయన మూలలకు చెట్లు పెఱికెడి పనిముట్టు సరిగా నందదు. ట్రాక్టరు వెనుకకు నడచి మూలలోనికి జొచ్చి యచ్చట గొఱ్ఱు దించి ముందునకు లాగినగాని యా కాయలు బయటపడవు. గంపెడు కాయ లొక్క మూలలోనే దొరకునని తెలిసిన యాడువారు యంత్రముకంటె ముందుగనే యచ్చటికి జేరుచుందురు. ఆకలికిని అపాయమునకును నడుమ నుండు నెడ మచ్చట జానెడు మాత్రమే.

ఇట్టి జనమును వెనుక బెట్టుకొని ముప్పదియేండ్లుగా ట్రాక్టరు నడపినవాడు కంబగిరి. ఏబదినాలుగేండ్ల ప్రాయము, ఎండకు మాడిన దేహము, నెఱసిన మీసము, తాను దున్నిన చాలు త్రాడు పట్టి గీచినట్లుండవలయునను పంతము గలవాడు. కాని వాడు లోలోన గర్వించునది చాళ్లను జూచుకొని కాదు. ముప్పదియేండ్లలో తన గొఱ్ఱు మనుష్యమాత్రుని కాలిగోటినైన గీఱలేదనియే వాని గర్వము. అందుకై పది బారలకొకమాఱు మెడ ద్రిప్పి వెనుకకు జూచుట వాని యలవాటు. ఆ మెడ దినమునకెన్నివందలమాఱులు తిరిగెనో లెక్కించినవారు లేరు గాని మెడ మాత్రము లెక్కపెట్టుకొనుచునే యుండెను. రెండేండ్ల క్రిందట పట్టణమందలి వైద్యుడు మెడయెముకలు మూడు అరిగి యొండొంటితో నొరసికొనుచున్నవనియు ఇకమీదట వెనుకకు దిరిగి చూచుట మానుకొమ్మనియు కట్టడి చేసెను. పదిమందిని గాచుటకై తిరిగితిరిగి యా మెడ తుదకు కొయ్యబాఱినది. దైవమున కిట్టి పరిహాసములన్న మక్కువ గాబోలు.

అది మొదలు వానికి వెనుకకన్ను సుంకమ్మ యయ్యెను. సుంకమ్మ వాని యిల్లాలు. మనిషి పొట్టి, నోరు పెద్దది, మనసు నోటికంటెను పెద్దది. కంబగిరి ట్రాక్టరు వెనుకకు నడుపవలసివచ్చినపుడెల్ల నామె వంటపని విడిచి పరుగునవచ్చి వానికి గానవచ్చునట్లు ముందుభాగమున నిలిచి, యంత్రమునకు వెనుక నెవరైన నుందురేమోయని యటునిటు తొంగిచూచి, చేయెత్తిన ఆగుమనియు చేయూపిన రమ్మనియు సంజ్ఞచేయుచుండెను. రెండేండ్లు వారి సేద్య మా చేతిసంజ్ఞపై నడచెను. ఊరివారు నవ్విరి. సుంకమ్మయు వారితోపాటు నవ్వెను గాని యొక్కనాడైన పనికి రాకుండలేదు.

అట్లుండ భాద్రపద బహుళపక్షమున నొకనాడు మిట్టమధ్యాహ్నవేళ మారెక్క యను ముదుసలి యొక చేనిమూలలో జతికిలబడి కాయ లేఱుకొనుచుండెను. ఆమెకు వినికిడి తక్కువ, ఓపిక యెక్కువ. ఏఱిన కాయలను వేయించి బడియెదుట నమ్ముకొని యొంటిప్రాణమును పోషించుకొనుచుండును. నేలకు గఱచుకొని కూర్చున్న యా ముదుసలి ట్రాక్టరు పెనుచక్రము చాటునబడి సుంకమ్మకు గానరాలేదు. సుంకమ్మ చేయూపెను. కంబగిరి వెనుకకు నడపెను. వెదురు పటపటలాడిన చప్పుడువిని యాతడు బండి యాపి దిగి చూచునప్పటికి మారెక్క గంప చక్రముక్రింద చదునై యుండెను. దాని ప్రక్క మూరెడు దూరమున మారెక్క కూర్చుండి తన గంపవంక వింతగా జూచుచుండెను.

నాటి సాయంకాలము కంబగిరి యిల్లు చేరి ట్రాక్టరుపై టార్పాలిను కప్పి తాళపుచెవిని సుంకమ్మచేతిలో బెట్టెను.

“ఇంగ నేను దాన్ని ఎక్కను మే. ఈ పొద్దు గంప. రేపు మనిషి.”

“తప్పింది నా కన్ను గదయ్యా. నువ్వేం జేస్తివి?”

“ఎవరి కన్ను తప్పితే ఏంది? చక్రం నాది.”

పదునొకండు దినము లా టార్పాలిను తీయబడలేదు. కంబగిరి వసారాలో గూర్చుండి వీథిన బోవు పరుల ట్రాక్టర్ల చప్పుడు విని యిది ఫలానివానిది, దీని గేరు సరిగా పడుటలేదు, అని తనలో తాననుకొనుచు కాలము గడపెను. వాని కన్నము సయించలేదు. చేయిదిరిగిన పనివానికి పని లేకపోవుట జ్వరముకంటె చెడ్డది.

పండ్రెండవనాడు మెడకు రాయు తైలము దెచ్చుటకై సుంకమ్మ పట్టణమునకు బోయెను. బస్సు నిలుచుచోట నొక కళాశాలబస్సు ఇఱుకుసందులో వెనుకకు వచ్చుచుండగా దాని డ్రైవరు వీసమైన మెడ త్రిప్పక యెదుటనున్న యఱచేతియంత తెరను జూచుచు గోడకు బెత్తెడు దూరమున బండి నాపుట యామె కంటబడెను. సుంకమ్మ తైలము మాట మఱచెను. సరాసరి బస్సు కిటికీకడకు బోయి తలయెత్తి యడిగెను.

“ఏం నాయనా, మెడ తిప్పకుండానే ఎనక్కి వస్తివే, ఎట్లా?”

ఆ డ్రైవరు మంచివాడు. బస్సు వెనుక బిగించిన కెమెరాను జూపి, దానిని బిగించినవాని దుకాణమునకు దారి చెప్పెను. ఆ దుకాణదారుని పేరు మౌలాలి. బండ్ల దీపములును తీగెలును బాగుచేయుట వాని వృత్తి. సుంకమ్మ వాని బల్లయెదుట గూర్చుండి గంపకథ మొదలుకొని పదునొకండు దినముల కథయంతయు చెప్పెను. మౌలాలి చేతిలోని పనిని ప్రక్కకుబెట్టి విని మఱునాటి యుదయముననే సంచి భుజమున వైచుకొని యా గ్రామమునకు వచ్చెను.

వచ్చినవానిని జూచి కంబగిరి మొగము ముడుచుకొనెను.

“ముప్పయ్యేండ్లు తోలినోన్ని. బొమ్మల డబ్బా జూసుకొని తోల్తే నలుగురు నగుతారు.”

మౌలాలి టార్పాలిను దీసి మడచి, ఆసనము వెనుకనున్న యినుపకమ్మికి కెమెరాను, చక్రము పట్టుకొనుచోటికెదుట తెరను బిగించి, తీగె నడుమ నెక్కడను గొఱ్ఱునకు దగులకుండ కట్టి, చేతులు తుడుచుకొని యప్పుడు నోరువిప్పెను.

“అన్నా, ఇది నీ పనితనానికి గాదు, నీ మెడకి. కండ్లద్దాలు పెట్టుకుంటే సదువు రానట్లా?”

కంబగిరికి కోపమును నవ్వును నొక్కమాఱే వచ్చెను. నవ్వు గెలిచెను. ఆసన మెక్కి తాళము ద్రిప్పి వెనుకగేరు వేసెను. తెర వెలిగెను. ఆ తెరపై తన యింటివాకిలి, వాకిట నారవేసిన బట్టలు, కోడిపెట్ట, కోడిపెట్టవెనుక నడుముపై చేతులిడుకొని నిలిచిన సుంకమ్మ, అన్నియు స్పష్టముగా గానవచ్చెను. ఆతడు చేయి సాచి తెరను దాకి చూచెను.

తరువాతి దినములలో కంబగిరికి కలిగిన సంతోషమును వర్ణించుట కష్టము. వెనుకగేరు వేయగానే వెలుగు నా చిన్నితెరలో పరిగె యేఱు స్త్రీల పాదములు, మట్టిని గెలుకు వ్రేళ్లు, ఊది దుమ్ము దులుపు పెదవులు వాని కగుపడుచుండెను. ఎవరైన దగ్గఱకు వచ్చిన నాగుచుండెను. వారు తొలగినపిదప కదలుచుండెను. మెడ కదలదు. మనసు కదలదు. అన్నము మఱల సయించెను. ఈ వస్తువును దొలుత తలపోసినవా రెవరో, దూరదేశముల దీని కూర్చిన చేతులెవరివో, వారి పేరైన నెఱుగని తనకొఱకే వారు కన్ను జేసిపంపినట్లు వాని కనిపించి, ప్రతియుదయమును బండి యెక్కుటకుముందు ఆ కెమెరాను తువాలుకొనతో మెల్లగా దుడుచువాడు. సుంకమ్మ మాత్రము తన కుద్యోగము పోయినదని యూరందఱితో జెప్పుకొని నవ్వుచుండెను. అంతకంటె సంతోషముగా నుద్యోగము పోగొట్టుకొన్నవారు మఱియొకరుండరు.

అంతలో మహానవమి వచ్చెను. ఆయుధపూజ చేయుట సుంకమ్మకు చేతనైన విద్య. ఆమె పూజాపద్ధతి సులభమైనది. ఏ వస్తువున కేది ప్రాణమో దానికి బొట్టు. కొడవలికి వాదర, రోకలికి పొన్ను, పొయ్యికి నోరు, ట్రాక్టరునకు ముందుమూతి. ఇంక కెమెరాకు ప్రాణ మెచ్చట? అది కన్ను గదా, కంటికే గావలె. ఇట్లు తర్కించి, శాస్త్రులకుగూడ తప్పుపట్టవలనుగాని యా తర్కముచేత, ఆమె ముద్దపసుపు దీసి కెమెరా గాజునకు దట్టముగా బూసి, నడుమ రూపాయిబిళ్లయంత కుంకుమబొట్టు దిద్ది, పైన నొక బంతిపూవు నద్దెను. అద్ది చేతులు మొగిచెను.

“నా పని నువ్వు తీసుకొంటివి. నాకంటే బాగా జూడు తల్లీ. ఆయప్ప చక్రం కింద చీమ గూడ పడకూడదు.”

ఇంత శ్రద్ధతో మూయబడిన కన్ను లోకమున మఱియొకటి యుండబోదు. విజయదశమినాడు బండి కదలలేదు. అది పండుగ. ఏకాదశి తెల్లవాఱగానే కంబగిరి కబురందిన చేనికి బయలుదేఱెను. అక్కడి యాసామి తొందరపెట్టుటచే నానాడు తువాలుతో దుడుచు నలవాటు తప్పినది. వెనుకగేరు వేసినగాని తెర వెలుగదు గావున త్రోవపొడుగునను వాని కేమియు తెలియలేదు.

ప్రొద్దు బారెడెక్కునప్పటికి చేను దాదాపుగా దున్నబడెను. దక్షిణదిక్కున గుట్టపై నొక నల్లమబ్బు లేచెను. దున్నినమట్టి తడిసినచో పరిగెయు బురదపాలు, తరువాతి పనియు వెనుకబడును. ఆసామి గట్టుమీద గంతులువేయుచు కేకవేసెను.

“కంబగిరీ, వాన దిగుతాంది! ఆ మూల అవగొట్టి రా ప్పా!”

ఆ చేనికి తక్కిన మూలలు తెఱపియై ముందునకు దున్నుటకే యందెను; వెనుకకు జొచ్చి దున్నవలసిన యీశాన్యపుమూల యొక్కటి మిగిలియుండెను. కంబగిరి దానిని సమీపించి ట్రాక్టరును ద్రిప్పి గొఱ్ఱు పైకెత్తి వెనుకగేరు వేసెను. తెర వెలిగెను. అందు చేను లేదు, గట్టు లేదు, మనిషి లేదు. తెరనిండ పసుపువెలుగు, నడుమ సంజసూర్యునివలె నెఱ్ఱని ముద్ద. అంతే.

యంత్రము చెడెననుకొని యాతడు నిట్టూర్చెను. ఎడమకాలు క్లచ్చిపై నుండెను. ఇచ్చట వానిమనసున జరిగిన వ్యాజ్యెము చదువరులు వినవలయును. చాలు చివర తిరుగునపుడు పరిగెవారందఱు నావలిగట్టున నున్నట్లు కంటితో జూచితిని గదా యని యొక పక్షము వాదించెను. వెనుకకు బోవలసినది నాలుగు బారలే గదా యనెను. ఈ డబ్బా రాకమునుపు ముప్పదియేండ్లు నడపలేదా యనెను. మబ్బు వచ్చుచున్నదనెను. కాలు మెల్లమెల్లగా క్లచ్చినుండి లేవసాగెను. రెండవపక్షమున కొక్కటే సాక్షి. చదునైన వెదురుగంప. ఆనాడును తాను చూచితి ననుకొనియే నడపెను. చూచుటకును చూచితిననుకొనుటకును గల భేద మీ యెనిమిది దినములలో నా చిన్నితెర వానికి నేర్పియుండెను.

కంబగిరి కాలు మఱల నదిమి గేరు దీసి యంత్రము నాపెను. ఆసామి కేకలు వినవచ్చుచునే యుండెను. ఆతడు నొప్పిమెడను చేతబట్టుకొని యొక్కొక్కయడుగే దిగి, పెనుచక్రమును జుట్టి వెనుకకు బోయెను.

మూలలో మారెక్క కూర్చుండియుండెను. వీపు బండివైపునకును మొగము గట్టువైపునకును ద్రిప్పి, కొత్తగంప మోకాళ్లనడుమ నిఱికించుకొని, ఎత్తిన గొఱ్ఱు కఱ్ఱులకు బారెడు దూరమున, ప్రపంచము మఱచి యొక్కొక్కకాయ నూది గంపలో వేయుచుండెను. వానినీడ తనపై బడినపిదప తలయెత్తెను.

“ఏం నాయనా, దిగినావు? బండి సెడిపోయనా?”

కంబగిరి చాలులోనే చతికిలబడెను. ముప్పదియేండ్లు ట్రాక్టరుపై నిబ్బరముగా గూర్చున్న మనిషి చిన్నబిడ్డవలె మొగము తువాలులో దాచుకొని యేడ్చెను. అది భయమో సంతోషమో వానికే తెలియదు. ముదుసలి కొంతసేపు చూచి, వాని కాకలియగుచున్నది గాబోలునని తలచి, గంపలోనుండి దోసెడు కాయలు దీసి వాని యొడిలో పోసెను.

“తిను నాయనా. పచ్చివే, తియ్యగుండాయి.”

ఆతడు తినెను. ఆ కాయలంత తీయనివి తానెన్నడును తినలేదని తరువాత పలుమాఱు చెప్పుకొనెను.

అంతట సుంకమ్మ సంగటిముద్దయు పప్పును గల గిన్నె నెత్తినిడుకొని, నీళ్లచెంబు చేతబట్టుకొని గట్టువెంబడి వచ్చి, ఆగిన బండిని, చాలులో గూర్చున్న మగనిని, ప్రక్కను మారెక్కను జూచి గిన్నె దించి పరుగెత్తెను. ఏమియు కాలేదని తెలిసికొని రొమ్ముపై చేయివైచుకొని యూపిరి పీల్చెను. కంబగిరి చేయెత్తి కెమెరాను జూపెను. అందు పసుపు ఎండి బీటలువాఱి, కుంకుమబొట్టు చెక్కుచెదరక, బంతిపూవు వడలి వ్రేలాడుచుండెను. సుంకమ్మకు సంగతి యంతయు నొక్కక్షణమున నవగతమయ్యెను.

“అయ్యో దేవుడా! కన్ను మూసింది నేనా?”

“నువ్వే.”

“తిట్టు. కొట్టు. ఏమన్నా అను. గమ్మున కూసోవద్దయ్యా.”

కంబగిరి తువాలుతో కన్నులొత్తుకొని మెల్లగా జెప్పెను.

“ఏమనేది మే? ఇది రాకముందైతే దిగేవాన్నే గాదు. అందరూ ఆపక్కే ఉండారని తోలేసేవాన్ని. కండ్లు కనపడనప్పుడు ఆగల్లని నేర్పింది ఇదే గదా. దీన్ని తెచ్చింది నువ్వే గదా.”

సుంకమ్మ కన్నులనుండి నీరు జలజల రాలెను. ఆమె యా కన్నీటితోనే చెఱగు తడిపెనో, చెంబులోని నీటితో తడిపెనో చూచినవారు లేరు. గొఱ్ఱుచట్రముపై కాలుమోపి కెమెరాకడ కెక్కి గాజుపై బసుపును మెత్తగా మూడుమాఱులు తుడిచెను. పండుగబొట్టు తీసివేసిన దోషమేమైన నుండునేమోయని మనసు పీకగా కొంగుమూల ముడివేసికొన్న కుంకుమ విప్పి, ఈమాఱు గాజునకు పైన, ఇనుపకమ్మిపై, చిన్నబొట్టు పెట్టెను.

“ఎక్కి సూడు. ఇప్పుడన్నా కనపడ్తాదేమో.”

కంబగిరి ఆసన మెక్కెను. యంత్రమును కదలింపక తాళము మాత్రము ద్రిప్పి వెనుకగేరు వేసెను. తెర వెలిగెను. తెరనిండ సుంకమ్మ మొగము. కెమెరాకు ముక్కు దగిలించునంత దగ్గఱగా నిలిచి, కన్నులు పెద్దవిచేసి, అందులోనికి దొంగిచూచుచుండెను. నొసట చెమటకు గరగిన బొట్టు, చెంపలపై నారని తడి, చెవిప్రక్క నెప్పుడు నెఱసెనో వానికి తెలియని వెండ్రుకలు. ఆ వెనుక మారెక్క గంపనెత్తుకొని గట్టువైపునకు మెల్లగా నడచిపోవుచుండెను.

కంబగిరి యా మొగమును రెప్పవేయక చూచెను. ఇన్నియేండ్లు తన వెనుక నేమి జరుగుచున్నదో చూచుటకై మెడ యరుగదీసికొన్నవాడు, తన వెనుక నెవరు నిలిచియున్నారో యీనాడు చూచెను. ఎవరును జూడకుండ రెండుచేతులు జోడించి యా చిన్నితెరకు నమస్కరించెను.

“కనపడ్తాండానా?” అని వెనుకనుండి సుంకమ్మ యడిగెను.

“బాగా కనపడ్తాండావు.”

దక్షిణపు నల్లమబ్బు ఆ సీమ మబ్బుల యలవాటు ననుసరించి చినుకైన రాల్చకయే గుట్టదాటి పోయెను. సుంకమ్మ దిగి ప్రక్కకు దొలగి గట్టెక్కెను. కంబగిరి తెరపై ఖాళీమూలను రెండుమాఱులు చూచుకొని, అప్పుడు బండిని వెనుకకు నడపెను.